పదకొండు మందికి ఒకటే పుట్టినరోజు

లక్సెట్టిపేటకు వెళ్ళడం నా పని కాదు. అది నా భార్య వసుంధర పని. మా విశ్వవిద్యాలయం కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లె పిల్లలకు ప్రీ యూనివర్సిటీ తరగతిలో కొన్ని సీట్లు కేటాయించింది. రుసుం లేదు, హాస్టలు ఉంది. పరీక్ష మాత్రం పిల్లల దగ్గరికే వెళ్ళి పెట్టాలి. ప్రశ్నపత్రాలతో ఒక అధ్యాపకుణ్ణి విశ్వవిద్యాలయం పంపుతుంది. లక్సెట్టిపేట ఉన్నత పాఠశాల గదులిస్తుంది, పదో తరగతిలో చురుకైన పిల్లల పేర్లిస్తుంది. దారి పొడవునా ఊళ్ళలో ఉన్న పిల్లలను లారీలో తెచ్చి, మధ్యాహ్నం అన్నం పెట్టే భారం బొగ్గుగని కార్మికుల పఠన మందిరానిది. ముగ్గురిలో ఒకరు మానేసినా పని ఆగిపోతుంది. విశ్వవిద్యాలయం తరఫున ఆ పని వసుంధర రెండేళ్ళు చేసింది. మూడో ఏడు జూన్‌లో పిల్లల దరఖాస్తులు నింపి తెచ్చింది. శ్రావణంలో నాలుగు రోజుల జ్వరంతో పోయింది. నేనూ అక్కడే అధ్యాపకుణ్ణి. పరీక్షాధికారిగా ఆమెకు బదులు నా పేరు వేయమని నేనే అడిగి వేయించుకున్నాను.

కార్తీకం చివర ఆ దరఖాస్తుల కట్ట విశ్వవిద్యాలయం ఆఫీసు నుంచి మా ఇంటికి తిరిగి వచ్చింది. పదకొండు దరఖాస్తులు. పైన ఎర్ర సిరాతో ఒక కాగితం. పదకొండు మందికీ జన్మదినం జూలై ఒకటేనని, ఇది నమ్మదగినది కాదని, దరఖాస్తులు నింపినవారి నిజాయితీ అనుమానాస్పదమని, ఒక్కొక్కరికి వేరువేరుగా ఆధారం వచ్చేవరకు పరీక్ష నిలిపివేయాలని. దరఖాస్తుల మీద ఉన్న దస్తూరి వసుంధరది. నేను ఆ కాగితాన్ని రెండోసారి చదవలేదు. లక్క ముద్ర వేసిన ప్రశ్నపత్రాలు అప్పటికే మా బీరువాలో ఉన్నాయి. పరీక్ష వచ్చే ఆదివారం. ప్రతి బిడ్డ తల్లినో తండ్రినో ఉదయమే బడికి పిలిపించమని హెడ్మాస్టరుకు ఒక కార్డు రాశాను. నేను వెళ్తున్నానని ఆఫీసుకు ఇంకో కార్డు రాశాను. జవాబు కోసం ఆగలేదు.

సికింద్రాబాద్‌లో శనివారం రాత్రి బండెక్కితే మంచిర్యాలలో తెల్లవారుజామున దిగవచ్చు. మూడో తరగతి టికెట్టు ఆరు రూపాయల చిల్లర. ప్రయాణం గురించి చెప్పేదేమీ లేదు. కూర్చునే చోటు దొరికింది. మంచిర్యాల స్టేషను బయట అయిదున్నరకే చాయ్ దొరుకుతుంది, కప్పు పది పైసలు. మార్గశిరం చలి, గోదావరి వైపు నుంచి పొగమంచు. కంబళి మరిచిపోకూడదని మరిచిపోయాక తెలిసింది. లక్సెట్టిపేటకు మొదటి బస్సు ఆరున్నరకు, టికెట్టు ముప్పావలా. డ్రైవరు పక్కనున్న ఒంటి సీటులో కూర్చోబోయాను.

"జర ఆగున్రి సార్. ఆడ కూసోకున్రి" అన్నాడు డ్రైవరు. నెరిసిన గడ్డం, మెడకు ఎర్ర మఫ్లరు. పేరు ఖాజా మియా అని తరువాత తెలిసింది. అంతలో నా చేతిలోని కట్ట మీద లక్క ముద్ర చూశాడు. "యూనివర్సిటీ సారా?"

"అవును."

"గట్లయితె కూసోండ్రి. గది మేడం సీటు. రెండేండ్ల సంది గిదే సీట్ల కూసుంటది. మేడం రాలే?"

"లేదు."

"సుస్తా?"

"శ్రావణంలో పోయింది. నేను ఆమె భర్తను."

ఖాజా మియా బండి కదిలించాడు. బస్సు ఊరు దాటింది. దారికి ఒక పక్క జొన్న చేలు, ఇంకో పక్క పత్తి ఏరిన మోళ్ళు. ఎదురుగా ఎడ్లబండ్ల వరుస వస్తే బస్సు పక్కకు ఆపి, అవి దాటేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడన్నాడు.

"మా బిడ్డకు గూడ ఫారం నింపుతనన్నది సార్. బిడ్డ ఇంక ఆరో తరగతి. నాలుగేండ్లు ఆగు ఖాజా మియా, తొందర జెయ్యకు అన్నది." మళ్ళీ బండి కదిలించాడు. "నాలుగేండ్లకు ఉంటదా సార్ గీ పరీక్ష?"

సంచిలో పరీక్ష నిలిపివేయమన్న కాగితం ఉంది. "ఉంటుంది" అన్నాను. బస్సులో వెనక ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా అన్నాను.

ఏడూ ముప్పావుకు లక్సెట్టిపేటలో దిగాను. బస్సు ఆగే చోటి నుంచి బడికి నడక పది నిమిషాలు. పెంకుల కప్పు, పొడుగాటి వరండా, గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. హెడ్మాస్టరు రాజలింగం పంతులు గేటు దగ్గరే ఉన్నాడు. సన్నటి మనిషి, కోటు కింద ధోవతి. వసుంధర సంగతి ఆయనకు ముందే తెలుసు, ఉత్తరం రాశాడు కూడా. అందుకని ఆ మాట ఎత్తలేదు. తన గదికి తీసుకెళ్ళి చాయ్ తెప్పించాడు. నేను ఎర్ర సిరా కాగితం ఇచ్చాను. నిలబడే చదివాడు. చదివి కుర్చీలో కూర్చున్నాడు.

"గీళ్ళు వెతికే దొంగను నేనే సార్" అన్నాడు.

బీరువాలోంచి ప్రవేశాల రిజిస్టరు తీసి నా ముందు తెరిచాడు. పుట్టిన తేదీ గడిలో జూలై ఒకటి. దాని కింద జూలై ఒకటి. పేజీ తిప్పాడు. మళ్ళీ అదే. ఇరవై ఏళ్ళుగా ఆ బడిలో చేరిన వాళ్ళంతా జూలై ఒకటిన పుట్టారు.

"ఎట్ల?" అన్నాను. ఆ యాస నాకు తెలియకుండానే వచ్చింది.

"తారీఖు ఎవలకు ఎర్క సార్? పోలీసు పటేలు దగ్గర పుట్టుకల దఫ్తరు ఉండాలె. రజాకార్ల గడబిడల కొన్ని కాలవెట్టిన్రు, ఉన్నయి చెద తిన్నది. బడికి పోరన్ని తోల్కొస్తరు. నేనేం జేస్త? గిట్ల." ఆయన కుడి చేతిని తల మీదుగా అవతలికి చాచి ఎడమ చెవి పట్టుకున్నాడు. "నెత్తి మీదికెళ్ళి చెవు అందితె అయిదేండ్లు నిండినట్టు. అందకపోతె, ఇంటికి పోయి బువ్వ తిని రా బిడ్డా అంట. ఏ సాలు పుట్టిండో తల్లి చెప్తది. తారీఖు నేను పెడ్త. జూలై ఒకటి పెడితె తరగతి లెక్క తప్పది. మా పంతులు గట్లనే పెట్టిండు, ఆయన పంతులు గట్లనే పెట్టిండు. నేను గూడ జూలై ఒకటే సార్."

వసుంధర ఈ రిజిస్టరు చూసే దరఖాస్తులు నింపింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది. ఆఫీసులో ఎవరికీ ఇది తెలియకపోవడానికి కారణం ఒకటే. ఈ బస్సు ఎవరూ ఎక్కలేదు.

ఎనిమిదిన్నరకు పఠన మందిరం లారీ వచ్చింది. వెనక పిల్లలు, తల్లిదండ్రులు, రెండు పెద్ద గిన్నెలు, కట్టెల మోపు. గిన్నెలు దించుతున్న ఆమె పేరు లచ్చవ్వ. భర్త గనిలో పని చేస్తాడు. పరీక్ష నాడు పఠన మందిరం తరఫున వంట ఆమెదే. ఆమె కూతురు రాజేశ్వరి పదకొండు మందిలో ఒకతె. లచ్చవ్వ కన్నా జానెడు పొడుగు, తల్లి చేతిలోని గిన్నెకు రెండో పక్క పట్టుకుని నడిచింది.

వరండాలో బల్ల వేయించి కూర్చున్నాను. విషయం ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కొక్కరూ బిడ్డ ఎప్పుడు పుట్టిందో చెప్పాలి. నేను రాస్తాను, చదివి వినిపిస్తాను, వేలిముద్ర వేయాలి, ఇంకో ఇద్దరు సాక్షిగా వేయాలి. తారీఖులు అక్కర్లేదు, ఆ రోజుల్లో ఊళ్ళో ఏం జరిగిందో చెబితే చాలు.

మొదట ఒక తండ్రి ముందుకొచ్చాడు. "మా వోడు పుట్టినప్పుడు దున్నపోతు బాయిల వడ్డది సార్."

"ఏ దున్నపోతు?"

"గదే, మా పాలోనిది, మా దాయాదిది."

"అది ఏ సాలు వడ్డదో చెప్పరాదయ్యా" అన్నాడు రాజలింగం.

"గది మావోడు పుట్టిన సాలే వడ్డది పంతులూ."

లారీ దగ్గర నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. అతని భార్య అతణ్ణి పక్కకు నెట్టింది. "నువ్వు జరుగు. దున్నపోతు ఎర్క గని కొడుకు ఎర్క లేదు. రాసుకో సారూ. ఢిల్లీల కొత్త రాజ్యాంగం వచ్చిందని ఊరూర జెండా ఎగిరేసిన్రు సూడు, గప్పుడు నాకు ఎనిమిది నెలలు. కడుపుతోనే పోయి సూసొచ్చిన. ఇంక నెలకు పుట్టిండు." రాసుకున్నాను. మరొకామె, గోదారి పొంగి ఊరి మెట్లెక్కిన ఆషాఢమన్నది. ఇంకొకామె, బొగ్గుబాయిల కొత్త మోటరు దింపిన దసరాకు మూడో రోజన్నది. ఇద్దరు ఒకరినొకరు దిద్దుకున్నారు. తొమ్మిదిన్నర దాటేసరికి పది మందివి అయ్యాయి. తల్లులు చెప్పిన ఏడు, రిజిస్టరులో ఉన్న ఏడు ఒక్కదాంట్లో కూడా తేడా రాలేదు. తేడా నెలల్లోనే. ఎవరికీ వయసు సమస్య లేదు.

చివర లచ్చవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"రజాకార్ల గడబిడ సాలు సారూ. మేం అడివిల దాగిన వానకాలం ముందటి ఎండకాలం. మామిడికాయ తొక్కు పెడుతుంటె నొప్పులొచ్చినయి. కారం చేతులతోనే పండిన."

నేను కలం ఆపాను. రాజలింగం నా చెవి దగ్గరకు వంగాడు. "గది రాయకున్రి సార్."

ఆయన ఎందుకన్నాడో నాకు తెలుసు. ఈ సీట్లకు నిబంధన, వచ్చే జూలై ఒకటి నాటికి పదిహేడేళ్ళు మించరాదు. రిజిస్టరు ప్రకారం రాజేశ్వరికి ఆ రోజుకు సరిగ్గా పదిహేడు. తల్లి మాట ప్రకారం పదిహేడు మీద రెండు నెలలు. వచ్చే ఏడు అసలే కుదరదు. ఆమె ఊరి బడికి రెండేళ్ళు పంతులే లేడు. మూడో తరగతి నుంచి ఇంట్లో కూర్చుని, తరువాత రోజూ మూడు మైళ్ళు నడిచి ఇక్కడ చేరింది. ఆ రెండేళ్ళే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకున్నాయి.

లచ్చవ్వకు సంగతి వివరంగా చెప్పాను. దాచలేదు. రెండు నెలలు ఎక్కువ ఉన్నట్టు రాస్తే సీటు పోవచ్చు అన్నాను.

"ఓ లచ్చవ్వా, శ్రావణం అనరాదే" అంది వెనక నుంచి ఒకామె. "తొక్కు సంగతి ఎవలకు ఎర్క?"

"నాకెర్క" అంది లచ్చవ్వ. తరువాత నా వైపు తిరిగింది. "రెండు నెల్ల కోసం నా కాన్పు అబద్ధమైతదా సారూ? పంతులు జూలై రాసిండు, అది పంతులు లెక్క. నన్నడిగితె నేను కన్న దినం చెప్త. మా ఊర్ల బడి రెండేండ్లు మూసిన్రు, గది రాస్తవా నీ కాగితంల? అది రాసినంక గీ రెండు నెలలు రాయి."

రాజేశ్వరి వరండా స్తంభం దగ్గర నిలబడి ఉంది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో లేవు. "అవ్వ చెప్పినట్టే రాయుండ్రి సార్. గని నన్ను పరీక్ష రాయనీయుండ్రి."

మామిడికాయ తొక్కు పెట్టే రోజులని రాశాను. దానికి ముందు, ఈ బాలిక ఊరిలో బడి రెండేళ్ళు నడవలేదని, ఆ కాలం ఆమె తప్పు వల్ల పోయినది కాదని రాశాను. వయసు మీరినట్టు తెలిసే పరీక్షకు అనుమతించాను, బాధ్యత నాదే అని రాసి సంతకం చేశాను. చదివి వినిపించాను. లచ్చవ్వ వేలిముద్ర వేసింది. శ్రావణం అనమన్న ఆమె సాక్షి వేలిముద్ర వేసింది.

పదీ నలభై అయిదుకు రాజలింగం పట్టా ముక్క మోగించాడు. లక్క ముద్ర అందరి ముందు పగలగొట్టాను. పదకొండు ప్రశ్నపత్రాలు పంచాను. నిలిపివేయమన్న పరీక్ష మొదలైంది.

ఇలాంటి పరీక్షలకు వెళ్ళేవారికి తెలియాలి, మూడు గంటలు గదిలో నడవడం తప్ప పనేమీ ఉండదు. మధ్యలో రాజలింగం వచ్చి, గదిలో తాను ఉండి నన్ను కాసేపు బయటికి పంపాడు. బయట మూడు రాళ్ళ పొయ్యి మీద పచ్చజొన్న రవ్వతో గటక ఉడుకుతోంది. లచ్చవ్వ గిన్నెలో తెడ్డు తిప్పుతూ అడిగింది. "పంతులమ్మ ఎందుకు రాలే ఈసారి? చీర కుచ్చిళ్ళు దోపుకుని నాకు సాయంగ వంటకొస్తనన్నది."

చెప్పాను. ఆమె తెడ్డు ఆపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మాకెవలు చెప్పలే" అంది. ఆ తరువాత, "పొద్దుగాల ఏమన్న తిన్నవా నువ్వు?"

తినలేదన్నాను. ఆకులో గటక, ఎర్ర కారం, ఉల్లిగడ్డ పెట్టి ఇచ్చింది. పిల్లల కన్నా ముందు తినడం బాగుండదన్నాను. "పిల్లలకు గుండిగెడు ఉన్నది. తిను. పోయినోళ్ళ పని నెత్తిన పెట్టుకున్నోడు కడుపు మాడ్చుకోవద్దు." తిన్నాను. నాలుగు నెలల తరువాత రుచి తెలిసిన అన్నం అదే.

ఒకటీ ముప్పావుకు కాగితాలు తీసుకుని, పిల్లల ముందే కట్టి, సీలు వేశాను. సాయంత్రం నాలుగుకు తిరుగు బస్సు. ఖాజా మియాదే. పరీక్ష అయ్యిందా అని అడిగాడు, అయ్యిందన్నాను. మంచిర్యాలలో ఏడు దాటాక సికింద్రాబాదు బండి ఉంది. స్టేషను ఎదుట భోజనం రూపాయి, పప్పు బాగుంటుంది.

తరువాతి సంగతి కూడా రాయాలి, లేకపోతే ఈ ప్రయాణం సగమే. కాగితాలు దిద్దారు. పదకొండు మందిలో ఏడుగురు నెగ్గారు. రాజేశ్వరి ఏడుగురిలో ఉంది. ప్రవేశాల సంఘం కూర్చున్నప్పుడు ఆరుగురికి సీటిస్తామన్నారు. ఏడో పేరు దగ్గర అధ్యక్షులు ఆగారు. నా చేతి రాతలోనే వయసు మీరిందని ఉంది కదా అన్నారు. నిలిపివేసిన పరీక్ష ఎందుకు జరిపానో సంజాయిషీ కూడా అడిగారు. దానికి ఒక వాక్యంలో జవాబిచ్చాను. మీరు అడిగిన ఆధారం ఆ ఊళ్ళో తప్ప దొరకదు, అక్కడికి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే.

రాజేశ్వరి విషయంలో మాత్రం ఎక్కువ మాట్లాడాను. మీ నిబంధనలో వయసుకు బడి రిజిస్టరే రుజువు అని ఉంది. దాన్నే నమ్మండి, జూలై ఒకటి నిలుస్తుంది, ఆమెకు పదిహేడు దాటలేదు. కాదు, తల్లుల వేలిముద్రలనే నమ్ముతామంటారా, సరే. అప్పుడు పదకొండు మంది తల్లులూ నిజం చెప్పినట్టే, సీటు పోతుందని తెలిసి కూడా చెప్పిన తల్లి అందులో ఉంది. మరి నిజాయితీ అనుమానాస్పదమని ఫైలులో రాసినది ఎవరి గురించి? ఆరుగురిని చేర్చుకోవడానికి ఒక రుజువు, ఏడో పిల్లను తోసేయడానికి ఇంకో రుజువు వాడనివ్వను. ఏదో ఒకటి ఎంచుకోండి. ఎంచుకునేదాకా నేను ఈ జాబితా మీద సంతకం పెట్టను. పరీక్షాధికారి సంతకం లేని జాబితా చెల్లదు.

రెండు సమావేశాలు అలాగే జరిగాయి. మూడో దాంట్లో రిజిస్టరును ఎంచుకున్నారు. ఏడు పేర్లకు సంతకం పెట్టాను. ఎర్ర సిరా కాగితం మాత్రం ఫైలులోంచి తీయలేదు, ఒకసారి చేరిన కాగితం తీయరట. అయితే దాని మీదనే, ఎవరు ఫైలు తెరిచినా మొదట కనిపించేలా, పదకొండు వాంగ్మూలాలు కుట్టించాను. తీయనివ్వరు కాబట్టి అవీ అక్కడే ఉంటాయి.

రాజేశ్వరి జూన్‌లో హాస్టలుకు వచ్చింది. గణితం కష్టంగా ఉందంటోంది. ఆదివారాలు చెబుతున్నాను. వసుంధర ఉంటే తొక్కు సంగతి రాసేదా, రాయకుండా ఊరుకునేదా అని కొన్నిసార్లు అనుకుంటాను. అడగడానికి లేదు. వెళ్ళిరాక ముందు నాకు అది ఆమె పని, ముగించి రావాలి అన్నట్టు ఉండేది. ముగిసే పని కాదని అక్కడ తెలిసింది. ఆ పిల్లలు దూరంగా ఉన్నారని ఆఫీసులో అంటుంటారు. రాత్రి బండి, గంటంబావు బస్సు, పది నిమిషాల నడక. అంతకన్నా దూరం లేదు. ఈ ఏడు కూడా పరీక్షాధికారిగా నా పేరే వేయించుకున్నాను. ఈసారి వద్దని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు, నేను వినలేదు. మార్గశిరంలో వెళ్తున్నాను.

మీలో ఎవరైనా ఇలాంటి పనికి ఏ పల్లెకు వెళ్ళినా ఒక్క మాట గుర్తుంచుకోండి. బిడ్డ వయసు తెలుసుకోవాలంటే తారీఖు అడగకండి, తండ్రిని అడగకండి. తల్లిని కూర్చోబెట్టి, ఆ రోజు ఆమె ఏ పని చేస్తూ ఉండగా నొప్పులొచ్చాయో అడగండి. చెప్పింది చెప్పినట్టే రాయండి.